ఫొటో ఎడిటింగ్‌కు ల్యాప్‌టాప్, బయటి డిస్కులు: డెల్టా ఫొటోగ్రాఫర్లు కొనేముందు వేసుకోవలసిన లెక్క

ఫొటో ఎడిటింగ్ కోసం ల్యాప్‌టాప్ కొనడానికి రాజమహేంద్రవరమో, కాకినాడో, భీమవరమో వెళ్లినవారు దుకాణంలో మొదట అడిగేది సాధారణంగా ప్రాసెసర్ గురించే. ఐ5 సరిపోతుందా, ఐ7 తీసుకోవాలా అన్న చర్చలోనే సగం సమయమూ, సగానికి మించిన డబ్బూ అయిపోతాయి. స్క్రీను రంగులను సరిగా చూపిస్తుందా, ర్యామ్‌ను తరువాత పెంచుకోవచ్చా, తీసిన ఫొటోలను ఎక్కడ దాచాలి అన్న ప్రశ్నలు బిల్లు కట్టి ఇంటికి వచ్చాక గాని గుర్తుకు రావు. కోనసీమలోనూ పశ్చిమ డెల్టాలోనూ పెళ్లిళ్లు, ఓణీల వేడుకలు, తీర్థాలు తీసే ఫొటోగ్రాఫర్లకు నేను చెప్పదలచినది ఒక్కటే. ల్యాప్‌టాప్‌నూ, ఫొటోలు దాచే డిస్కులనూ ఒకే కొనుగోలుగా చూడండి. ఆ లెక్కను ప్రాసెసర్ దగ్గర కాక మీ కెమెరా ఫైలు దగ్గర మొదలుపెట్టండి. చేతిలో ఉన్న మొత్తంలో కనీసం పావు వంతు డిస్కుల కోసం పక్కన పెట్టి, మిగిలినదానితోనే ల్యాప్‌టాప్ చూడాలన్నది నా అభిప్రాయం.

ముందు ఫైళ్ల లెక్క

24 మెగాపిక్సెళ్ల కెమెరాలో కంప్రెస్ చేసిన రా ఫైలు (కెమెరా సెన్సరు పట్టిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైలు) ఒక్కొక్కటి ఇంచుమించు 25 నుంచి 30 మెగాబైట్లు ఉంటుంది. 45 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే 50 మెగాబైట్లు దాటడం మామూలే. మన వైపు పెళ్లి ఒక్క పూటతో అయిపోయేది కాదు. పెళ్లికూతురిని చేయడంతో మొదలై స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, ఆపైన వ్రతం, రిసెప్షన్ వరకు ఇద్దరు మనుషులు రెండు కెమెరాలతో తీస్తే మూడు వేల ఫ్రేములు తేలికగా పడతాయి. ఫ్రేముకు 30 మెగాబైట్ల చొప్పున 90 జీబీ అయింది. దానికి వీడియో తోడైతే, సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డయ్యే 4కే వీడియో గంటకు 45 జీబీ తీసుకుంటుంది. అంటే ఒక మోస్తరు పెళ్లి ఆర్డరుకు ఫొటోలు, వీడియో కలిపి 200 జీబీ పెట్టుకోవలసిందే.

మీరు నిరుడు చేసిన ఆర్డర్లు ఎన్ని, వాటి ఫోల్డర్లు ఎంతెంత ఉన్నాయో కంప్యూటర్లోనే చూసి కూడండి. మాఘ, ఫాల్గుణాల్లోనూ, శ్రావణంలోనూ ముహూర్తాలు వరుసగా ఉన్నప్పుడు పది ఆర్డర్లు ఒకేసారి చేతిలో ఉంటాయి. ఆల్బమ్ ఇచ్చేదాకా అవన్నీ అందుబాటులో ఉండాలి కాబట్టి ఒక సీజనుకే 2 టీబీ అవసరం పడుతుంది. ప్రతి ఫైలుకూ కనీసం రెండో ప్రతి ఉండాలి కనుక అది 4 టీబీ. ఈ అంకె చేతిలో ఉంటే దుకాణదారుడు ఏది చూపించినా మీకు కావలసినది మీకు తెలుస్తుంది. కేవలం జేపెగ్‌లో (కుదించిన మామూలు ఫొటో ఫైలు) తీసి, పాస్‌పోర్టు ఫొటోలూ చిన్న ఫంక్షన్లూ చేసే స్టూడియోకు ఇందులో పదో వంతు కూడా అక్కరలేదు, అలాంటివారు ఈ వ్యాసంలోని పెద్ద అంకెలు చూసి కంగారు పడనవసరం లేదు.

స్క్రీను

నా దృష్టిలో ఎడిటింగ్ ల్యాప్‌టాప్‌కు అసలు విలువ స్క్రీనులో ఉంది. తక్కువ ధర ల్యాప్‌టాప్‌ల వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల పరిధికి ఒక పాత కొలమానం) అని కనిపిస్తే ఆ ప్యానెల్, మామూలు ఫొటోలకు ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిలో మూడింట రెండు వంతులకు అటూ ఇటూగా మాత్రమే చూపగలదని అర్థం. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే ఇంచుమించు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ పరిధి ఉన్నట్టు. ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపించినా పనిలో పెద్ద నష్టం చేస్తుంది. మధుపర్కాల అంచు ఎరుపు, పసుపు రాసిన పాదాలు, వెనక కొబ్బరితోట పచ్చదనం స్క్రీను మీద వెలిసిపోయినట్టు కనిపిస్తుంటే, ఎడిట్ చేసేవారు తెలియకుండానే రంగుల మోతాదు పెంచుతారు. ల్యాబ్ నుంచి ఆల్బమ్ వచ్చేసరికి పెళ్లికూతురి ముఖం ఎర్రబారి, తోట ప్లాస్టిక్ పచ్చగా కనిపిస్తుంది. తప్పు ల్యాబ్‌ది అనుకుంటాం గాని, ఆ ఫైలులో ఉన్న రంగునే వారు అచ్చు వేశారు.

కాబట్టి ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగు మారని రకం), 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, కనీసం 300 నిట్స్ (తెర వెలుగుకు కొలత) వెలుగు, మెరుపు తగ్గించిన పైపొర ఉన్న స్క్రీనును అడగండి. వెడల్పు ఒక్కటే ఎక్కువగా ఉన్న 16:9 కంటే, కింద పనిముట్ల వరుసలు ఉన్నా ఫొటోకు చోటు మిగిల్చే 16:10 నిష్పత్తి ఎడిటింగ్‌కు హాయిగా ఉంటుంది. ప్రతి పిక్సెల్ తానే వెలిగే ఓఎల్‌ఈడీ స్క్రీన్లలో నలుపు నిజమైన నలుపుగా ఉండి, రంగుల పరిధి ఎస్‌ఆర్‌జీబీ కంటే విశాలమైన డీసీఐ-పీ3 వరకు వెళుతుంది. అయితే ఫొటోషాప్ ప్యానెళ్లు రోజుకు పది గంటలు ఒకే చోట కదలకుండా ఉండే పనిలో ఏళ్లు గడిచేకొద్దీ ఆ గుర్తులు తెరపై నిలిచిపోయే అవకాశం ఉంది. వెలుగు తగ్గించినప్పుడు వచ్చే మినుకు కొందరి కళ్లకు పడదు. పైగా పీ3 స్క్రీను మీద రంగుల ప్రొఫైల్‌ను (రంగులను ఎలా చూపాలో చెప్పే చిన్న ఫైలు) పట్టించుకోని సాఫ్ట్‌వేర్లలో ఎస్‌ఆర్‌జీబీ ఫొటోలు ఉన్నదానికంటే గాఢంగా కనిపిస్తాయి. మన ఆల్బమ్ ల్యాబులు ఎక్కువగా ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్ ఫైళ్లనే అడుగుతాయి కాబట్టి, సరిగా క్యాలిబ్రేట్ చేసిన (రంగులు కొలిచి సరిదిద్దిన) 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఐపీఎస్ స్క్రీను ఈ పనికి పూర్తిగా చాలు.

దుకాణానికి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మీరు తీసిన ఫొటోలు నాలుగైదు తీసుకువెళ్లండి. వాటిలో ఒకటి చామనఛాయ ముఖం దగ్గరగా ఉన్నది, ఒకటి ఎర్ర పట్టుచీర, ఒకటి వరిచేను, ఒకటి జగ్గన్నతోట ప్రభల వంటి పలు రంగులు కలిసినది అయితే మంచిది. అదే ఫొటోల అచ్చు ప్రతులు కూడా చేతిలో ఉండాలి. దుకాణంలో నడిచే ప్రకటన వీడియోలు ప్రతి స్క్రీనునూ అందంగా చూపించడానికే చేసినవి, వాటిని చూసి నిర్ణయించవద్దు. మీ ఫొటోను తెరిచి, వెలుగును సగానికి తగ్గించి, అచ్చు ప్రతిని పక్కన పెట్టి చూస్తే చీర మడతల్లో ఎరుపు ముద్దగా ఉందో, ఛాయలుగా విడిపోతున్నదో మీ కంటికే తెలుస్తుంది.

ఎంత మంచి స్క్రీనైనా క్యాలిబ్రేట్ చేస్తేనే నమ్మదగినది అవుతుంది. స్పైడర్, క్యాలిబ్రైట్ పేర్లతో వచ్చే కొలత పరికరాన్ని తెర మీద ఆనించి, దాని సాఫ్ట్‌వేర్ నడిపితే ఆ స్క్రీనుకు తగిన ప్రొఫైల్ తయారవుతుంది. అచ్చుకు పోలిక కుదరాలంటే వెలుగును 100 నుంచి 120 నిట్స్ మధ్య ఉంచి పని చేయాలి. ఆ పరికరం రోజూ అవసరపడేది కాదు, నెలకో రెండు నెలలకో ఒకసారి చాలు. అందుచేత పాలకొల్లులోనో అమలాపురంలోనో దగ్గర దగ్గరగా ఉన్న రెండు మూడు స్టూడియోలవారు కలిసి ఒకటి కొనుక్కోవడం తెలివైన పని. అయితే ఒకేసారి ఎన్ని కంప్యూటర్లకు లైసెన్సు వర్తిస్తుందో కొనేముందు చూసుకోండి. ల్యాబువారు తమ యంత్రానికి ప్రత్యేకమైన ప్రొఫైల్ ఇస్తారేమో కూడా అడగండి.

ర్యామ్: ఆల్బమ్ షీటు చెప్పే లెక్క

ఫొటోషాప్‌కు కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలని, 16 జీబీ ఉంటే మేలని అడోబీ చెబుతుంది. ఒక్కొక్క ఫొటోను సరిచేసుకునేవారికి ఆ సలహా చాలు. కాని మన దగ్గర ఫొటోగ్రాఫర్లే ఆల్బమ్ డిజైనింగ్ కూడా చేసుకుంటారు, అక్కడ లెక్క మారిపోతుంది. 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు ఉన్న కరిజ్మా (పెళ్లి ఆల్బమ్‌లలో వాడే వెడల్పాటి) షీటును అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున తెరిస్తే అది 3,600 × 10,800 పిక్సెళ్లు, అంటే దాదాపు 3 కోట్ల 89 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగుల సమాచారం మూడు బైట్లు అనుకుంటే షీటంతా నిండిన ఒక్క లేయరే (ఒకదానిపై ఒకటి పేర్చే పొర) 117 మెగాబైట్ల దాకా వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్, దాని మీద పూల అంచులు, ఫొటోలు, నీడలు, అక్షరాలు అంటూ పదీ పదిహేను లేయర్లు పేరిస్తే ఒక్క షీటే 1 జీబీ దాటుతుంది. అన్డూ కోసం దాచుకునే పాత దశలు వేరే. ఇలాంటి షీట్లు మూడు నాలుగు తెరిచి, పక్కన లైట్‌రూమ్, బ్రౌజర్ కూడా నడుపుతుంటే 16 జీబీ నిండిపోయి, ఫొటోషాప్ డిస్కు మీద తాత్కాలిక చోటు వెతుక్కుంటుంది. బ్రష్ కదిపిన క్షణానికి గాని గీత కనిపించకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే, ప్రాసెసర్ కాదు. పీఎస్‌డీ ఫైలుకు 2 జీబీ పరిమితి ఉంది కాబట్టి అంతకు మించిన షీట్లను పీఎస్‌బీ రూపంలో దాచుకోవాలని కూడా గుర్తుంచుకోవాలి.

ఆల్బమ్ పని చేసేవారికి 32 జీబీ ర్యామ్ అవసరమని నేను గట్టిగా చెబుతాను. ఇప్పుడే అంత పెట్టలేకపోతే 16 జీబీతో మొదలుపెట్టి తరువాత పెంచుకునే వీలున్న మోడల్ చూడండి. పలుచని ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికిస్తారు, దానిని జీవితంలో పెంచలేము. ర్యామ్ స్లాటు ఉందా, ఎన్ని ఉన్నాయి, ఒకటి ఖాళీగా ఉందా అన్న మూడు ప్రశ్నలకు స్పష్టమైన జవాబు రాకపోతే ఆ మోడల్ కంపెనీ వెబ్‌సైటులో ఉన్న వివరాల పత్రం తెరిచి చూడండి. ఆపిల్ మ్యాక్‌బుక్‌లలో ఎం శ్రేణి చిప్‌తో పాటే మెమరీ కలిసి ఉంటుంది కనుక కొన్ననాడు ఎంత తీసుకున్నారో అదే చివరిదాకా.

ప్రాసెసర్, గ్రాఫిక్స్, వేడి

ఇక్కడ పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. గత రెండు మూడేళ్లలో వచ్చిన మధ్యస్థాయి ప్రాసెసర్ ఏదైనా ఫొటో పనికి సరిపోతుంది. పేరు చూసి మోసపోకుండా ఉంటే చాలు. ఉదాహరణకు రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ, రైజెన్ 5 7540యూ అనే మూడూ వినడానికి ఒకే కుటుంబంలా ఉన్నా, లోపలి నిర్మాణం (ఏఎండీ జెన్ పేరుతో తరాలుగా తెచ్చేది) మొదటిదానిలో జెన్ 2, రెండోదానిలో జెన్ 3, మూడోదానిలో జెన్ 4, ఆ మూడో అంకెలోనే తరం దాగి ఉంటుంది. ఇంటెల్ చిప్పుల్లో చివరి అక్షరం యూ అయితే తక్కువ కరెంటుతో నడిచేది, హెచ్ అయితే ఎక్కువసేపు బరువైన పని చేయగలిగేది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, పాత ల్యాప్‌టాప్ చవకగా వస్తున్నదని తీసుకునేవారు అది విండోస్ 11కు అర్హమైనదో కాదో చూసుకోవాలి.

వేరే గ్రాఫిక్స్ కార్డు అందరికీ అవసరం లేదు. లైట్‌రూమ్‌లో ఏఐ డీనాయిస్ (ఫొటోలోని చుక్కలను తొలగించే పని) వేగం మాత్రం ప్రధానంగా గ్రాఫిక్స్ మీదే ఆధారపడుతుంది. రాత్రి ముహూర్తాల పెళ్లిళ్లు ఎక్కువ ఐఎస్‌ఓలో తీసి, వందల ఫొటోలకు ఆ డీనాయిస్ వాడేవారికి 6 లేదా 8 జీబీ సొంత మెమరీ ఉన్న ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ కార్డు ఎంతో సమయం మిగులుస్తుంది. వీడియో ఎడిటింగ్ కూడా చేస్తే తప్పక తీసుకోవాలి. లేదంటే ఆ డబ్బు ర్యామ్‌కూ స్క్రీనుకూ వెళ్లడం న్యాయం.

మే నెలలో రాజమహేంద్రవరం ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, ఏసీ లేని గదిలో వేయి ఫొటోలు ఎక్స్‌పోర్ట్ పెడితే ఏ ల్యాప్‌టాప్ అయినా తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను లేని మ్యాక్‌బుక్ ఎయిర్ చిన్న పనులకు అద్భుతంగా ఉన్నా, గంటల తరబడి సాగే ఎక్స్‌పోర్టులో ఫ్యాను ఉన్న మ్యాక్‌బుక్ ప్రో ముందు నిలవదు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో గాలి బాగా ఆడుతుంది గాని వాటిలో చవక మోడళ్లకు తరచు ఆ 45 శాతం ఎన్‌టీఎస్‌సీ స్క్రీనే వేస్తారు. ఏది కొన్నా పరుపు మీద పెట్టకుండా అడుగున గాలి తగిలేలా ఉంచండి.

లోపలి డిస్కు, బయటి పోర్టులు

లోపల 512 జీబీ ఎస్‌ఎస్‌డి (మెమరీ చిప్పులతో చేసిన డిస్కు) ఉంటే విండోస్, సాఫ్ట్‌వేర్లు, తాత్కాలిక ఫైళ్లు పోను ఒకటి రెండు పెళ్లిళ్లకే చోటు నిండుతుంది. 1 టీబీ కనీసమనుకోండి. రెండో ఎం.2 స్లాటు (ఎస్‌ఎస్‌డి తగిలించే గాడి) ఖాళీగా ఉన్న మోడల్ దొరికితే తరువాత మరొకటి తక్కువ ఖర్చుతో వేసుకోవచ్చు. ఎస్‌ఎస్‌డి అంచుల దాకా నింపితే వేగం పడిపోతుంది కనుక 15 నుంచి 20 శాతం ఖాళీ ఉంచడం అలవాటు చేసుకోవాలి.

టైప్-సీ పోర్టులన్నీ చూడడానికి ఒకేలా ఉంటాయి, లోపలి వేగం మాత్రం సెకనుకు 5, 10, 20, 40 గిగాబిట్లుగా వేరు వేరు. మీరు కొనే బయటి ఎస్‌ఎస్‌డి 10 గిగాబిట్ల రకమైతే ల్యాప్‌టాప్‌లో కనీసం ఒక పోర్టు ఆ వేగానికి తగినది ఉండాలి. 20 గిగాబిట్ల ఎస్‌ఎస్‌డిలు ప్రకటనల్లో సెకనుకు 2,000 మెగాబైట్లు అని చెప్పుకున్నా, ఆ ప్రత్యేక రకం పోర్టు చాలా ల్యాప్‌టాప్‌లలో లేదు, చాలా మ్యాక్‌లలో థండర్‌బోల్ట్ అనే వేగవంతమైన పోర్టుకు తగిలించినా అవి 10 గిగాబిట్లకే దిగిపోతాయి. అందుచేత ఆ రకానికి అదనపు డబ్బు పెట్టడం చాలామందికి వృథా. కార్డు నుంచి కాపీ చేసే వేగం కార్డును బట్టీ, రీడర్‌ను బట్టీ ఉంటుంది. కార్డు మీద రాసి ఉండే వేగపు తరగతుల్లో యూహెచ్‌ఎస్-1 ఎస్‌డీ కార్డుకు గరిష్ఠ వేగం సెకనుకు 104 మెగాబైట్లు, యూహెచ్‌ఎస్-2కు 312. పాత యూఎస్‌బీ 2.0 రీడర్‌తో సెకనుకు 35 మెగాబైట్లు వస్తే గొప్ప, ఆ 90 జీబీ పెళ్లికి ముప్పావు గంట పడుతుంది. మంచి రీడర్‌కు పెట్టే కొద్దిపాటి డబ్బు ప్రతి ఆర్డరులోనూ తిరిగి వస్తుంది.

బయటి డిస్కులు: పని చేసేది వేరు, దాచేది వేరు

ఒకే డిస్కు మీద పనీ నిల్వా రెండూ చేయాలనుకోవడం దగ్గరే చాలా నష్టాలు మొదలవుతాయి. ప్రస్తుతం ఎడిట్ చేస్తున్న ఆర్డర్లకు 1 లేదా 2 టీబీ బయటి ఎస్‌ఎస్‌డి ఉండాలి. ఇది సెకనుకు 1,000 మెగాబైట్ల దాకా ఇస్తుంది, కనుక లైట్‌రూమ్‌ను నేరుగా దాని మీదే నడపవచ్చు. కదిలే భాగాలు లేవు కాబట్టి బైకు కుదుపులకూ భయం లేదు. పూర్తయిన ఆర్డర్లకు హార్డ్ డిస్కు చాలు. 2.5 అంగుళాల పోర్టబుల్ హార్డ్ డిస్కు సెకనుకు 100 నుంచి 140 మెగాబైట్లు రాస్తుంది, 90 జీబీకి పన్నెండు పదమూడు నిమిషాలు. అదే డబ్బుకు ఎస్‌ఎస్‌డి కంటే ఎన్నో రెట్లు చోటు ఇస్తుంది. పోర్టబుల్ హార్డ్ డిస్కుల్లో చాలావాటిలో సమాచారం రాసే ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత పడేలా రాసే ఎస్‌ఎంఆర్ పద్ధతి ఉంటుంది. ఒకసారి రాసి దాచిపెట్టడానికి అది సరే గాని, రోజూ చెరిపి రాసే పనికి పెడితే వేగం దారుణంగా పడిపోతుంది. వాటి మీద ఎడిటింగ్ చేయవద్దనడానికి ఇది కూడా ఒక కారణం.

8 టీబీ, ఆ పైన కావాలంటే సొంత అడాప్టరుతో నడిచే 3.5 అంగుళాల డిస్కు తీసుకోవాలి. అది గోడ ప్లగ్గు మీద ఆధారపడుతుంది. గాలివానకు కరెంటు పోయి వచ్చే మన ఊళ్లలో దానిని యూపీఎస్ లేకుండా నడపకూడదు. రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలే కాక ఫోల్డర్ల పట్టిక కూడా చెడవచ్చు. పోర్టబుల్ డిస్కు ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచే శక్తి తీసుకుంటుంది, కాబట్టి ఆ బెడద ఉండదు.

ఎస్‌ఎస్‌డి కొనేటప్పుడు టీఎల్‌సీ (ఒక్కో మెమరీ గదిలో మూడు బిట్లు దాచే) రకమో, క్యూఎల్‌సీ (నాలుగు బిట్లు దాచే) రకమో అడగండి. క్యూఎల్‌సీలో మొదట వేగంగా రాసినట్టు కనిపించినా, లోపలి తాత్కాలిక చోటు నిండగానే, 90 జీబీ లాంటి పెద్ద కాపీ మధ్యలో, వేగం హార్డ్ డిస్కు స్థాయికి దిగిపోవచ్చు. మరొక విషయం, ఎస్‌ఎస్‌డి సమాచారాన్ని విద్యుదావేశం రూపంలో పట్టి ఉంచుతుంది. కరెంటు తగలకుండా వేడి బీరువాలో ఏళ్ల తరబడి పడేసి ఉంచితే ఆ ఆవేశం నెమ్మదిగా జారిపోయే ప్రమాదం ఉంది. దీర్ఘకాల నిల్వకు హార్డ్ డిస్కు మేలనడం ధర ఒక్కదాని వల్ల కాదు.

రెండు వేల రూపాయలకు 16 టీబీ ఎస్‌ఎస్‌డి అంటూ ఆన్‌లైన్‌లో కనిపించేవి నకిలీలు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, కంప్యూటర్‌కు అబద్ధపు పరిమాణం చెప్పేలా చేస్తారు. చోటు నిండాక రాసిన ఫొటోలు పాతవాటిని చెరిపేస్తూ పోతాయి, తెరిచి చూసేదాకా తెలియదు. ఏ డిస్కు కొన్నా మొదటి రోజే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో ఎఫ్3 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నింపి, తిరిగి చదివించి పరీక్షించండి. పెద్ద హార్డ్ డిస్కుకు ఒక రాత్రి పట్టినా పట్టనివ్వండి. 1 టీబీ డిస్కును విండోస్ 931 జీబీగా చూపించడం మాత్రం మోసం కాదు, కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తే విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది.

ఫార్మాట్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) విషయంలో, విండోస్ మాత్రమే వాడేవారికి ఎన్‌టీఎఫ్‌ఎస్ మంచిది. మ్యాక్ దానిని చదవగలదు గాని మామూలుగా రాయలేదు. విండోస్, మ్యాక్ రెండింటి మధ్యా తిరిగే డిస్కును ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంచాలి, అయితే హఠాత్తుగా తీగ ఊడితే తట్టుకునే శక్తి దానికి తక్కువ కనుక సేఫ్‌గా ఎజెక్ట్ చేసిన తరువాతే తీయాలి.

నది పక్కన ఉన్నవారి నిల్వ

ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు, రెండు వేరు వేరు పరికరాల మీద, వాటిలో ఒకటి వేరే చోట అన్న నియమం ప్రపంచమంతటా ఫొటోగ్రాఫర్లు పాటించేదే. గోదావరి డెల్టాలో చివరి భాగం మిగతా రెండింటికంటే ముఖ్యం. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను ఎలా ఊడ్చిందో పెద్దలకు తెలుసు. 2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయింది, లంక గ్రామాలు (నది పాయల మధ్య ఉన్న ఊళ్లు) నీటిలో చిక్కుకున్నాయి. ఒకే బీరువాలో ఉన్న మూడు డిస్కులు వరద దృష్టిలో ఒకే డిస్కు. కాబట్టి మూడో ప్రతి హైదరాబాదులో ఉన్న అన్నయ్య ఇంట్లోనో, రాజమహేంద్రవరంలో మేడ మీద ఉండే మేనమామ ఇంట్లోనో ఉండాలి. ప్రతి సీజను చివర వెళ్లినప్పుడు కొత్త డిస్కు ఇచ్చి పాతది తెచ్చుకుంటే సరి.

లంకల్లోనూ గట్టుకు దిగువనా స్టూడియో ఉన్నవారు మరొక కట్టుబాటు పెట్టుకోవచ్చు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వినగానే డిస్కుల పెట్టెను ఊరి బయటకు పంపేయండి. రెండోది వచ్చేసరికి దారులు ఉంటాయన్న హామీ లేదు.

ప్రయాణంలోనూ ఇదే సూత్రం. పెళ్లి అయ్యాక సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) ఎక్కి నరసాపురం వైపు దాటేటప్పుడు, మెమరీ కార్డులూ కాపీ చేసిన ఎస్‌ఎస్‌డీ ఒకే సంచిలో ఉండకూడదు. కార్డులు ఒకరి జేబులో, డిస్కు మరొకరి దగ్గర ఉండాలి. రెండు వేరు వేరు డిస్కుల మీదకు కాపీ అయి, ఫైళ్ల సంఖ్య సరిపోల్చి, అక్కడక్కడ పెద్దవి చేసి చూసేదాకా కార్డును ఫార్మాట్ చేయవద్దు.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి యూఎస్‌బీ పిన్నులను తుప్పు పట్టిస్తుంది. డిస్కులను తీగలతో సహా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచి, వాన రోజుల్లో ఆ సంచులను మార్చాలి. ఏసీ కారులోంచి తీసిన చల్లని ల్యాప్‌టాప్‌ను ఉక్కగా ఉన్న పెళ్లి పందిట్లో వెంటనే తెరవకండి. సంచిలోనే ఇరవై నిమిషాలు ఉంచితే లోపల తడి పేరుకోదు.

క్లౌడ్ నిల్వ మంచిదే గాని అప్‌లోడ్ వేగాన్ని లెక్కవేయండి. సెకనుకు 40 మెగాబిట్ల అప్‌లోడ్ ఉంటే 90 జీబీ పంపడానికి ఐదు గంటలు పడుతుంది. అన్ని రా ఫైళ్లకు బదులు, ఎంపిక చేసిన జేపెగ్‌లూ పూర్తయిన ఆల్బమ్ షీట్లూ మాత్రం పంపితే ఖర్చూ సమయమూ అదుపులో ఉంటాయి.

బిల్లు దగ్గర

వారంటీ కార్డు డిస్కును మార్చి ఇస్తుంది, అందులోని ఫొటోలను ఇవ్వదు. ల్యాప్‌టాప్‌కు ఇంటికి వచ్చి చేసే సర్వీసు మీ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో కొనేముందే కంపెనీ వెబ్‌సైటులో చూడండి. సర్వీసు కేంద్రం విశాఖపట్నంలోనో విజయవాడలోనో మాత్రమే ఉంటే ముహూర్తాల రోజుల్లో వారం పని ఆగిపోతుంది. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియోలు తమ నంబరుతో బిల్లు రాయించుకుంటే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుకోవచ్చు.

కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు లోపలి డిస్కు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ కావచ్చు (కీ లేనివారు చదవలేని రూపంలోకి మారవచ్చు). పరాయి కుటుంబాల ఫొటోలు మన దగ్గర ఉంటాయి కాబట్టి ఇది మంచిదే. అయితే మదర్‌బోర్డు మార్చిననాడు రికవరీ కీ లేకపోతే ఆ డిస్కు ఎవరికీ తెరుచుకోదు. ఆ 48 అంకెల కీని ఖాతాలోంచి తీసి, కాగితం మీద అచ్చు వేసి, బిల్లుతో పాటు దాచండి.

రా ఫైళ్లను ఎంతకాలం దాస్తారో కూడా ఆర్డరు పత్రంలో రాయండి. ఆల్బమ్ ఇచ్చిన ఏడాది వరకు అని రాసుకుంటే ఎన్ని డిస్కులు కావాలో ముందే తెలుస్తుంది, పెళ్లివారికీ తమ ప్రతిని తాము భద్రం చేసుకోవాలన్న ఎరుక కలుగుతుంది. ప్రతి డిస్కు మీద కొన్న నెల, అందులో ఉన్న ఆర్డర్ల సంవత్సరం రాసి అంటించండి. ఆరు నెలలకొకసారి ఒక్కొక్కటీ తగిలించి, నాలుగు ఫోల్డర్లు తెరిచి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆరోగ్యం చూడండి. అందులో పసుపు రంగు హెచ్చరిక కనిపించినా, చదివేటప్పుడు టిక్ టిక్ మని శబ్దం వచ్చినా ఆ రోజే దానిలోని ఫైళ్లను వేరే డిస్కు మీదకు మార్చాలి. ఐదేళ్లు దాటిన హార్డ్ డిస్కు బాగానే పనిచేస్తున్నా సరే, దాని ప్రతిని కొత్తదాని మీదకు తీసుకుని, పాతదానిని మూడో ప్రతిగా ఊరవతలకు పంపండి.